పాత జనన మరణ పుస్తకములలో పూర్వుల జాడ

శ్రీహరికోట దీవికి ఒకవైపు బంగాళాఖాతము, మరొకవైపు పులికాటు సరస్సు. సూళ్ళూరుపేట నుండి సరస్సు మీదుగా వేసిన బాటన పోవువారికి నేడు అచట కానవచ్చునది అంతరిక్ష కేంద్రము. 1969లో ప్రభుత్వము ఆ దీవిని రాకెట్టు ప్రయోగములకు ఎంచుకొనెను. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో అచటి ప్రయోగములు ఆరంభమైనవి. 2002లో కేంద్రమునకు సతీష్ ధావన్ పేరు పెట్టబడెను. దేశమునకది గర్వకారణమే. అయినను ఆ దీవి అంతకుముందు నిర్జనారణ్యము కాదు. చెన్నపట్టణమునకు వంటచెరకు సమకూర్చుకొనుటకై 1835లో కుంపిణీ ప్రభుత్వము దీవిని తన వశము చేసికొన్ననాటికే యానాదులు ఆ అడవిని నమ్ముకొని బ్రతుకుచుండిరి. చేపలు పట్టువారు, సేద్యము చేయువారు కూడ ఉండిరి. కేంద్రము వచ్చిన పిమ్మట ఊళ్ళు ఖాళీ అయినవి. పెక్కు కుటుంబములు సరస్సునకు ఈవలి గ్రామములకు తరలి చెదరిపోయినవి.

ఊరు పోయినప్పుడు ఇల్లు, బావి, చింతచెట్టు మాత్రమే పోవు. "మా తాతను ఉంచిన చోటిది" అని మనుమనికి చూపు తావు కూడ పోవును. వీరశైవులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. లింగైక్యము నొందినవారిని భూస్థాపితము చేసి, శక్తి కొలది సమాధిపై లింగమునో నందినో నిలుపు ఆచారము మనది. ఒక విధముగా రుద్రభూమియే మన మొదటి మరణ పుస్తకము. ఆ భూమి కంచెలోపల పడినను, శ్రీశైలము, సోమశిల జలాశయముల వలె నీటి అడుగున మునిగినను, మిగులునది కాగితము. గ్రామ మునసబు వ్రాసియుంచిన జనన మరణ పుస్తకమున ఒక వరుస దొరికినచో అదియే ఆ పెద్దకు మిగిలిన శిల.

ఇచట ఒక సందేహము న్యాయముగా కలుగును. పుట్టుకను బట్టి మనుజునకు గొప్పతనము రాదని బోధించిన బసవేశ్వరుని అనుయాయులు వంశవృక్షము వెదకుట ఏల? బాగేవాడిలో అగ్రహారపు బ్రాహ్మణ గృహమున పుట్టినవాడు ఆ పుట్టుకను ప్రక్కనబెట్టి, మాదర చెన్నయ్యను, డోహర కక్కయ్యను తన పెద్దలుగా తన వచనములందే చెప్పుకొన్నాడు. అట్టివాని మార్గమున నడచువారు మా ముత్తాత ఫలానా ఊరి మొనగాడని చాటుకొనుటకే పాత పుస్తకములు తిరగవేసినచో అది శ్రమకు తగిన పని కాదు. కాని బసవేశ్వరుడు కాదన్నది కులగర్వమును. కన్నవారిని మరచిపొమ్మని ఆయన చెప్పలేదు. పూర్వులను వెదకుటకు మంచి కారణము వేరొకటి కలదు. వారు ఏ కాయకము చేసి బ్రతికిరి, ఏ కష్టమున పోయిరి, వారిలో పేరైన మిగలనివారెవరు అని తెలిసికొనుట. పాత పుస్తకములు ఈ ప్రశ్నలకే ఎక్కువగా బదులు పలుకును. గోత్రము సంగతి వానిలో ఉండదు. వీర, నంది, భృంగి, వృషభ, స్కంద గోత్రములలో మీది యేదియో ఇంటి పెద్దలో గురుమఠమో చెప్పవలసినదే.

మదరాసు రాజధానిలో 1899లో జనన మరణముల నమోదునకు ఒక చట్టము వచ్చెను. అది అన్ని గ్రామములకు ఒక్కసారిగ వర్తింపలేదు. ప్రభుత్వము ప్రకటించిన తావులలోనే నమోదు నిర్బంధముగ నుండెను. గ్రామములలో ఆ పని మునసబుది. తాను వ్రాయుటయో, కరణముచేత వ్రాయించుటయో జరిగెడిది. స్వాతంత్ర్యానంతరము దేశమంతటికి ఒకే విధముగ 1969లో జనన మరణ నమోదు చట్టము చేయబడి, 1970 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చెను. చిత్రమేమనగా, దేశమున ప్రతి పుట్టుకను వ్రాయవలెనను చట్టమును, శ్రీహరికోట ఊళ్ళను ఖాళీ చేయించిన నిర్ణయమును ఒకే సంవత్సరపువి. కావున ఆ దీవిలో పుట్టి పెరిగినవారిలో అనేకుల వివరములు క్రొత్త చట్టపు పుస్తకములలో ఉండవు. పాత మునసబు పుస్తకములలోనే చూడవలెను.

ఆ పుస్తకములు ఎచట నున్నవి? ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాధికారుల వ్యవస్థ 1984 జనవరిలో రద్దయ్యెను. మునసబు ఇంట, కరణము ఇంట ఉన్న దస్త్రములు చేతులు మారినవి. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. ఆ 1984 నవంబరులోనే పెద్ద తుపాను శ్రీహరికోట తీరమును తాకెను. చేతులు మారుచున్న కాగితములకు అది ఎట్టి సంవత్సరమో ఊహింపవచ్చును. అయినను చాల పుస్తకములు బ్రతికినవి. అవి మండలపు తహసీలుదారు కార్యాలయపు దస్త్రముల గదిలోనో, పంచాయతీ వద్దనో, పట్టణమైనచో పురపాలక సంఘమునందో లభింపవచ్చును.

జిల్లా పేరు కూడ ముందుగ సరిచూచుకొనవలెను. సూళ్ళూరుపేట, శ్రీహరికోట 2022 ఏప్రిలు 4 నుండి తిరుపతి జిల్లాలోనివి. అంతకుముందువి నెల్లూరు జిల్లాలోనివి. చిత్తూరు జిల్లాయే 1911లో ఏర్పడినది. దానికి ముందు చిత్తూరు, పలమనేరు ప్రాంతములు ఉత్తరార్కాటులోను, మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు కడపలోను ఉండెడివి. ముత్తాత కాలపు కాగితమునకు నేటి జిల్లా పేరు చెప్పి అడిగినచో గుమాస్తా లేదనును. అతని తప్పు కాదు. మదరాసు రాజధాని కాలపు జిల్లా దస్త్రములు పెక్కు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ పురాలేఖాగారమున నేటికిని ఉన్నవి. జనాభా లెక్కల కాగితములు మాత్రము ఈ పనికి రావు. ఇంటింటి వివరములను బయటి వారికి చూపరాదని 1948 నాటి జనాభా లెక్కల చట్టమే శాసించుచున్నది.

పుస్తకము చేతికి వచ్చిన పిమ్మట చదువుట మరొక పరీక్ష. కరణముల గొలుసుకట్టు వ్రాతలో అక్షరమునకు అక్షరము అతుకుకొని పోవును. తలకట్టు ఎచట, కొమ్ము ఎచటనో తెలియదు. మొదట మీకు తెలిసిన పేరు ఒకటి పట్టుకొని, అదే చేతివ్రాతలో 'బ' ఎట్లున్నది, 'స' ఎట్లున్నది గమనించినచో పది పుటలు తిరుగునప్పటికి కన్ను అలవడును. తెలుగు అంకెలు వాడిన చోట, సిరా చెదరినచో ౨ను ౩గను, ౬ను ౯గను భ్రమించుట సులభము. వయస్సుల విషయమున మరింత జాగ్రత్త అవసరము. చనిపోయినవారి వయస్సు నలుబది, ఏబది, అరువది అని గుండ్రముగ వ్రాయుట ఆనాటి వాడుక. చెప్పినవాడు ఉజ్జాయింపుగ చెప్పెను, వ్రాసినవాడు అట్లే వ్రాసెను. వయస్సును బట్టి పుట్టిన ఏడు లెక్కించి, ఆ ఒక్క ఏటి పుస్తకమే చూచి మానుకొనరాదు. అటు అయిదేండ్లు, ఇటు అయిదేండ్లు చూడవలెను.

ఇంటిలోని వృద్ధులు ఇంగ్లీషు సంవత్సరము చెప్పరు. తెలుగు సంవత్సరము చెప్పుదురు. "మా అవ్వ కాళయుక్తిలో జ్వరాలప్పుడు పోయింది" అని ఒక పెద్దామె చెప్పినదనుకొనవచ్చును. కాళయుక్తి 1918 ఉగాది నుండి 1919 ఉగాది వరకు నడచినది. ఆ 1918 చివరి నెలలలోనే ఇన్‌ఫ్లుయెంజా దేశమంతట జనమును పొట్టన పెట్టుకొన్నది. కావున వెదకవలసినది 1918 అక్టోబరు నుండి ఆ శీతకాలపు పుటలు. అట్లే ధాత కరువు అనినచో 1876-77 మొదలుకొని వచ్చిన గొప్ప కాటకము. అరువదేండ్లకొకసారి అదే పేరు మరల వచ్చును గనుక, ఆమె చెప్పిన కాళయుక్తి 1918దా 1978దా అని అడుగవలసిన పని ఉండదు గాని, రక్తాక్షి అన్నప్పుడు 1924దా 1864దా అని మనుమల వయస్సులతో సరిచూడవలెను. భూమి కాగితములలో ఫసలీ వచ్చును. ఫసలీకి 590 కలిపినచో ఆ జూలైలో మొదలగు సంవత్సరము వచ్చును: ఫసలీ 1328 అనగా 1918 జూలై నుండి 1919 జూన్ వరకు.

ఇక పుస్తకమునందలి గడులు. కులము అను గడిలో మనవారు ఒకచోట లింగాయతు, ఒకచోట వీరశైవ, ఒకచోట లింగబలిజ, మరొకచోట జంగము, ఒక్కొక్కప్పుడు వట్టి బలిజ అని కనబడుదురు. అది వ్రాసినవాని ఎరుక. అన్నయు తమ్ముడును రెండు మాటలతో నమోదైనను ఆశ్చర్యపడవలదు. ధ్రువపత్రముల అవసరము కొరకు నేడు చాలమంది ఈ గడినే ముందుగ చూచుచున్నారు, అవసరమైనచో చూడవలసినదే. కాని అందున్నదానిని ఉన్నట్లే ఎత్తివ్రాసికొనవలెను. గీకుట, దిద్దుట నేరమే గాక, తాత నోట ఆయన చెప్పని మాట పెట్టుట యగును. ఆ గడిలో మూడు తరముల వెనుక నేతవాడనియో గాండ్లవాడనియో కనబడినచో చిన్నబుచ్చుకొనువారు ఉన్నారు. ఎవరో ఒక పెద్ద ఒకనాడు తన యిష్టముతో లింగమును మెడ దాల్చెనని దాని అర్థము. కల్యాణమున జరిగినది అదియే కదా.

శరణబంధువులు ఎక్కువసేపు నిలువవలసినది వృత్తి అను గడి వద్ద. మన శరణుల పేర్లు చూడుడు: మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, మేదర కేతయ్య, నులియ చందయ్య. బట్టలుతుకుట, పడవ నడపుట, బుట్టలల్లుట, త్రాడు పేనుట వారి పేర్లకు ముందు నిలిచినవి. వారిని తెలుపునది వారి కాయకమే. మునసబు పుస్తకమున 'వర్తకము', 'సేద్యము', 'కూలి', 'మగ్గము', 'మఠము' అను ఒక్క మాట ఆ పద్ధతినే తెలియకయే పాటించుచున్నది. ఇంటిలో "మనవాళ్ళు షావుకార్లు" అని చెప్పుకొను కుటుంబము వారి పూర్వుని ఎదుట 'కూలి' అని ఉండుటను చూడవచ్చును. అతడు కూలి చేసిన కాలమున పిల్లలను సాకినాడు, లింగపూజ మానలేదు, జంగమునకు ఉన్నంతలో పెట్టినాడు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుచుండగా, అవసరమునకు మించి తెచ్చిననాడు తిరిగి పోసి రమ్మని పంపిన లక్కమ్మ మనకు పూజ్యురాలు. కూలి తాత మనకు తలవంపు ఎట్లగును?

మరొక విశేషము. పుస్తకము తేదీల వరుసను వ్రాయబడినది, కులముల వరుసను కాదు. ఒకే పుటలో కరణము ఇంటి శిశువు, దాని క్రింద యానాది శిశువు, దాని క్రింద లింగధారుని శిశువు. ఊరిలో ఎవరి వీధి వారిదైనను, ఆ పుటలో వీధులు లేవు. మన పేరు దొరుకగానే పుట మూయక, పైవరుసను క్రిందివరుసను కూడ చదువుట మేలు. వ్రాయించుటకు ఎవరును లేని యానాది కుటుంబమునకు సంబంధించిన వరుస కంటబడి, ఆ కుటుంబమువారు నేడు సూళ్ళూరుపేట ప్రక్కన నున్నట్లు మీకు తెలిసినచో, దానిని వారికి చేరవేయుట దాసోహమే.

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన గడి. అది స్త్రీల పేరు. మరణ పుస్తకమున పురుషునకు పేరు, తండ్రి పేరు ఉండును. స్త్రీ మాత్రము తరచు 'ఫలానా వాని పెండ్లాము', 'ఫలానా వాని తల్లి'. ముప్పది యేండ్లు ఇల్లు నడపి, ఏడుగురిని కన్న మనిషికి పుస్తకమున పేరు లేదు. స్త్రీకి లింగార్చనమున పురుషునితో సమానముగ అధికారమిచ్చిన సమయము మనది. అక్కమహాదేవిని, నీలమ్మను, నాగమ్మను నిత్యము తలచు ఇండ్లలోనే ముత్తవ్వ పేరు అడిగినచో "ఏమో" అను జవాబు వచ్చుచున్నది. వంశపు పటమున మగవారి పేర్లే మెట్లుగ దిగుచుండగా స్త్రీల తావున సున్నలు పెట్టుట మన పెద్దల బోధకు చాలని పని.

ఆ పేరును పట్టుకొనుటకు దారులు కలవు. మొదటి కాన్పు పుట్టింట జరుగుట మన దేశాచారము. కావున పెద్దకొడుకు పుట్టుక తండ్రి ఊరి పుస్తకమున కానరానిచో లేదని విడువరాదు. అది తల్లి పుట్టినూరి పుస్తకమున ఉండును. అచట ఇంటిపెద్దగ ఆమె తండ్రియో అన్నయో చెప్పి వ్రాయించియుండును గనుక, ఆమె పేరు స్పష్టముగ పడుటకు అవకాశ మెక్కువ. ఆ ఊరు తెలిసినచో ఆమె పుట్టుక, ఆమె తోబుట్టువులు, ఆమె తల్లి పేరు వరుసగ దొరకవచ్చును. ఒక వరుస దొరకకపోవుటయే ఇచట జాడ. తరువాతి కాన్పులు మెట్టినింట జరిగినవి. ఒక బిడ్డ ఎదుట తల్లి పేరు ఖాళీగ నున్నను, మూడవ బిడ్డ ఎదుట ఉండవచ్చును. అందువలన ఒక్క పూర్వుని వరుస మాత్రమే తీసికొని రాక, అతని తోబుట్టువుల వరుసలన్నియు తీయవలెను.

ఆ తోబుట్టువులలో పేరులేని శిశువులు ఎదురగుదురు. 'ఆడశిశువు, మూడు దినములు', 'మగశిశువు, ఒక మాసము'. పుట్టుకను వ్రాయించు నాటికి పేరు పెట్టియుండరు గనుక జనన పుస్తకమునను పేరు గడి చాలచోట్ల ఖాళీయే. పోయిన బిడ్డ పేరే తరువాతి బిడ్డకు పెట్టు అలవాటు కూడ ఉండెడిది. ఇంటి పెద్దకు 'బసవయ్య' అని పేరున్నంత మాత్రాన, ఆ పేరుతో కనబడిన మొదటి వరుస ఆయనది కాకపోవచ్చును. ఆయనకు ముందు పోయిన అన్నదై యుండవచ్చును. తాత పేరు మనుమనికి పెట్టు ఇండ్లలో ఇది మరింత చిక్కు. భార్య పేరు, ఇంటి తావు, వృత్తి కలిసినప్పుడే ఇతడే అతడని నిర్ణయింపవలెను.

పుస్తకములు లేనిచోట దస్తావేజులు ఆదుకొనును. రిజిస్ట్రారు కార్యాలయపు పాత క్రయపత్రములలో 'ఫలానా వారి కుమారుడు, లింగబలిజ, వర్తకము జీవనము' అని ఊరితో సహా వ్రాయు వాడుక ఉండెడిది. భాగపరిష్కార పత్రములలో తల్లులు, విధవలు, పిల్లలు పేర్లతో వత్తురు. 'నిశాని' అని వ్రాసి వ్రేలిముద్ర వేసిన చోటున చదువురాని అవ్వ పేరు ప్రక్కనే ఉండును. పట్టాభూములను ప్రభుత్వము సేకరించిన చోట, 1894 నాటి చట్టము ప్రకారము కలెక్టరు ఇచ్చిన అవార్డులలో హక్కుదారుల పేర్లు, ఎవరికెంత అన్నదియు వ్రాయబడియుండును. ఊరు విడిచి వచ్చిన కుటుంబములకు ఇది మరువరాని ఆధారము. కన్నడ దేశమున హెళవలు లింగాయతు కుటుంబముల వంశావళులు పుస్తకములలో వ్రాసికొని ఇంటింట చదువుదురు. తెలుగునాట పిచ్చుకుంట్లవారు, నేటి వంశరాజులు, ఇట్టి వృత్తివారే. వారు చెప్పినది వ్రాసికొనుట మంచిదే గాని, కాగితముతో సరిచూడక నమ్మరాదు. వినువారిని సంతోషపెట్టుటయు వారి వృత్తిలో భాగమే.

నకలు పొందుటకు దారి కష్టమైనది కాదు. 1969 చట్టపు 17వ సెక్షను ప్రకారము రుసుము చెల్లించి ఎవరైనను పుస్తకమును వెదకించి వరుస నకలు కోరవచ్చును. మరణపు నకలులో మరణకారణము మాత్రము చూపరు. వెదకినను దొరకనిచో లభ్యము కాలేదను ధ్రువపత్రము అడిగి తీసికొనవలెను. ఆలస్యపు నమోదునకు అది ఆధారమగును. సంవత్సరము దాటిన ఆలస్యపు నమోదు, 2023 నాటి సవరణ తరువాత, జిల్లా మేజిస్ట్రేటు లేక ఆయన అధికారమిచ్చిన మేజిస్ట్రేటు ఉత్తర్వుతో జరుగును. నేటి పుట్టుకలను ఇరువది యొక దినములలో తెలుపవలెను. పురుడని, మైలయని ఆగు పని వీరశైవునకు లేదు. జననసూతకము, మృతసూతకము మొదలగు ఐదు సూతకములను త్రోసిపుచ్చిన సమయము మనది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి చేరికకు, ఓటుకు, ఆధారునకు పుట్టుక పత్రమే ఆధారమగుచున్నది గనుక ఆలస్యము బిడ్డకే నష్టము.

మఠములు ఈ విషయమున ఒక పని చేయవచ్చును. శిశువునకు లింగధారణము జరుగునప్పుడు, దీక్షనాడు, లింగైక్యమునాడు గురువు ఎట్లును వచ్చుచున్నాడు. ఆనాడే ఒక గట్టి అట్ట పుస్తకమున తేదీ, బిడ్డ పేరు, తల్లి పేరు, ఆమె పుట్టినూరు, తండ్రి పేరు, కాయకము వ్రాసి ఇద్దరిచేత చేవ్రాలు చేయించినచో చాలును. తల్లి పేరు తండ్రి పేరుకు ముందు వ్రాయుట మేలు. ఆ గడి ఖాళీగ విడుచు అలవాటు అంత పాతది.

శ్రీహరికోట వంటి ఊళ్ళు విడిచి వచ్చినవారికి మాత్రము పుస్తకముల కంటె ముందు చేయవలసినది వేరు. 1970లో పదేండ్ల పిల్లలుగ సరస్సు దాటి వచ్చినవారు నేడు అరువదియైదు దాటినవారు. దీవిలోని పల్లెల పాత పేర్లు, ఏ ఇంటి ప్రక్కన ఏ ఇల్లు, ఎవరిని ఏ చెట్టు క్రింద ఉంచిరి, అమ్మమ్మను ఊరివారు ఏమని పిలిచిరి అను సంగతులు వారి నోటనే ఉన్నవి. తహసీలుదారు కార్యాలయమునకు పోవునాటికి ఆ పల్లె పేరు సరిగ తెలియనిచో ఏ పుస్తకము అడుగవలెనో తెలియదు. ముందు వారి వద్దకు పోయి, చాప మీద కూర్చుండి, వారు చెప్పిన మాట చెప్పినట్లు వ్రాసికొని, అటుపిమ్మట సూళ్ళూరుపేటకు బయలుదేరవలెను.